పొగ దెయ్యాన్ని గోతిలోకి దింపిన కోడలు

అనగా అనగా, ఆకు రాలితే రాజుకి కోపం వచ్చే ఊరొకటి. వాకిట్లో ఎండుటాకు కనిపించినా, మడి బీడు పడినా, ఆ ఇంటివాళ్ళ మడి లాక్కుని రాజుగారి గుర్రాలకి గడ్డి పెంచేవాళ్ళు. అందుకని తెల్లారితే ఊరంతా ఊడవడం, పోగెయ్యడం, అంటించడం. ఆకూ అంటించారు, ఊకా అంటించారు, పెంటా అంటించారు.

ఆ పొగ తిని తిని ఓ దెయ్యం బలిసింది. బలిసి బలిసి ఊరి మీద గొంగళిలా పరుచుకుంది. కింది వేడి పైకి పోదు. వేడికి నేల ఎండింది, నేల ఎండితే పాదు వాడింది, పాదు వాడితే అత్త మొహం వాడింది, అత్త మొహం వాడితే కోడలికి తిట్లు. ఊ కొట్టండర్రా, మీరు ఊ కొట్టకపోతే ఎక్కడున్నానో నాకే తెలీదు.

ఆ కోడలు నూకాలు. అత్త గవరమ్మ. వాళ్ళకున్నది ఒక్క ఆనపమడి. ఈ ఏడు కాయ కాయకపోతే అదీ గుర్రాలకే.

నూకాలు ఆలోచించింది. కాలిస్తే దెయ్యం బలుస్తుంది, ఉంచితే రాజు ఊరుకోడు. పెరట్లో గొయ్యి తవ్వింది. ఓ వరస ఆకు, ఓ వరస పేడ, పైన కాస్త మన్ను, చెంబెడు నీళ్ళు.

"ఊడ్చమంటే పూడుస్తున్నావేమే? మీ పుట్టింట్లో ఇంతేనా?" అంది గవరమ్మ.

"మా పుట్టింట్లో ఆనపకాయలు మొయ్యలేక బండి కట్టేవారత్తా."

ఆ ఇంటి వాటా తగ్గేసరికి తిండిపోతు దెయ్యం దిగొచ్చి, నా పొగేదే అని అడిగింది. గోతిలో ఉంది, తీసుకోమంది నూకాలు. దెయ్యం ముందు తోక దింపింది. వానపాములు ఆ తోక పట్టాయి. గిలిగింతలకి నవ్వి నవ్వి తోక నల్లగా పొడిపొడిగా రాలిపోయింది. కొంత జారి పైకి పోయింది కూడా, అబద్ధమెందుకు. మిగిలింది ఎరువై ఆనపమడిలో చేరి, వేళ్ళని వాటేసుకుని పడుకుంది. ఆ నల్లమన్ను పోసిన నీళ్ళని పట్టుకుంది. ఆనపకాయలు చంటిపిల్లల్లా వేలాడాయి.

ఎవరో చాడీ చెప్పారు. రాజు ముక్కుకి గుడ్డ కట్టుకుని భటులతో వచ్చి, దాచిన చెత్తేదీ అన్నాడు.

"తమరి కాళ్ళ కిందే, ప్రభూ."

రాజు ఒంటికాలి మీద నిలబడ్డాడు. కంపు రాలేదు. గుడ్డ తీసి వంగాడు. తొలకరి వాసన. మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ పీల్చాడు. అది పూజేమో అనుకుని భటులంతా సాష్టాంగపడ్డారు.

మడి మాకే ఉంచండి, మిగతా దెయ్యం ఇంకా పైనే ఉంది, ఇంటికో గొయ్యి తియ్యాలి, మొదటిది మీ గుర్రాలశాల వెనకే అంది నూకాలు.

"పేడ నేనెత్తాలా?" అన్నాడు రాజు.

"గుర్రాలు మావా, నాయనా?" అంది గవరమ్మ.

రాజు పార పట్టాడు. ఊళ్ళో మంటలాగిపోయాయి. మొలిచిన ప్రతి ఆకూ దెయ్యాన్ని జుట్టు పట్టి కొంచెం కొంచెంగా వేళ్ళలోకి లాగింది. ఒక్కరోజులో కాలేదు, ఏళ్ళు పట్టింది. గొంగళి పలచబడింది, గాలి చల్లబడింది. మడి గవరమ్మకే ఉండిపోయింది. గొయ్యి ఆలోచన తనదేనని ఆవిడ ఊరంతా తిరిగి చెప్పుకుంది. నూకాలు నవ్వుకుంటూ ఆనపకాయలు కోసుకుంది.

అందుకేనర్రా, నేలకి పెట్టింది నేల దాచుకుంటుంది, గాలికొదిలింది మన నెత్తినే కూర్చుంటుంది. కథ కంచి దారి పట్టింది, ఇక మనం దుప్పట్లోకి.