ఇత్తడి అరుపు

శిల్పశాలలో కంబగిరి భయపడేది ఒక్కదానికే. కంప్రెషర్ నెత్తిన ఉండే సేఫ్టీ వాల్వుకి.

బొటనవేలంత ఇత్తడి ముక్క అది. భయపడే మనిషి చూస్తే ఆరడుగులవాడు, నిలువెత్తు నల్లరాతిని గడ్డపారతో ఒక్కడే దొర్లించేవాడు. ట్యాంకులో గాలి హద్దు మీరితే ఆ ఇత్తడి ముక్క తెరుచుకుని ఒక్క అరుపు అరుస్తుంది. ముందుగా చెప్పి అరవదు. వెనకనుంచి వచ్చి ఎవరో మెడ పట్టుకున్నట్టు అరుస్తుంది. కంబగిరికి గుండె నోట్లోకి వచ్చేది.

ఆ అరుపే పోయిన ఏడాది చౌడమ్మ తల్లి విగ్రహానికి ముక్కు తీసింది.

నల్లమల అంచున ఉన్న ఆ శిల్పశాల మౌనాచారిది. పెద్దాయన, పేరుకు తగ్గట్టే మాట తక్కువ. శిష్యులంతా సామీ అని పిలిచేవాళ్ళు. నెలలు పట్టే మోటుపని గాలి ఉలితో వారాల్లో అవుతుందని ఆ రెండు చక్రాల కంప్రెషర్ తెప్పించింది ఆయనే. తెప్పించాడే గానీ, దాని దగ్గర ఆయన పెట్టిన మడీ ఆచారం గర్భగుడిలో కూడా ఉండదు.

నేల చదునుగా ఉన్నచోటే దాన్ని నిలపాలి. చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాలి. రాతిదుమ్ము దాని ఊపిరిలోకి పోనంత ఎడంగా ఉంచాలి. ట్యాంకు అడుగున చేరిన నీళ్ళు రోజూ వదిలెయ్యాలి. నూనె చూడాలి, పైపుకు పగుళ్ళున్నాయేమో చూడాలి, అతుకుల దగ్గర బిగించిన తీగ లాగి చూడాలి. కళ్ళద్దాలు లేకుండా ఉలి ముట్టకూడదు. గాలి పైపు మనిషి వైపు తిప్పకూడదు, వేళాకోళానికి కూడా. మోటారు తిరుగుతుండగా ట్యాంకు పక్కన ఎవరూ కూర్చోకూడదు. ఇక పొద్దున్నే గాలి ఎక్కగానే, సేఫ్టీ వాల్వుకున్న ఉంగరం ఒకసారి లాగి, అది కూస్తోందో లేదో చూడాలి.

ఆ కూత వినపడ్డాకే మౌనాచారి తన గదిలో కాళికమ్మ పటం ముందు గంట కొట్టేవాడు. ఇదేం పూజ అని కొత్తవాళ్ళు నవ్వుకునేవాళ్ళు, ఆయన చెవిన పడకుండా.

పోయిన ఏడాది కంబగిరికి మొదటిసారి ఒక ముఖం పని దొరికింది. అప్పటిదాకా పీఠాలు, తోరణాలు చెక్కుతూ వచ్చినవాడు. పక్క ఊరివాళ్ళు అడిగిన చౌడమ్మ విగ్రహం. గాలి ఉలితో ముక్కు ఎత్తు తేలుస్తున్నాడు. వాల్వు అరిచింది. చెయ్యి అదిరింది. ముక్కు కొన ఎగిరి దుమ్ములో పడింది.

విరిగి భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదు. రాతిపొడి జిగురులో కలిపి, విరిగినచోట మెత్తి, మెరుగు పట్టి అమ్ముకునేవాళ్ళు లేకపోలేదు. కానీ మౌనాచారి కప్పు కింద అంతకంటే పెద్ద తప్పు లేదు. ఒక దేవుడి వేలికి అలా మెత్తినందుకు సొంత అక్క కొడుకుని పంపించేశాడాయన. అక్క ఏడ్చినా, ఊరు చెప్పినా మళ్ళీ రానివ్వలేదు. అది అందరికీ తెలిసిన సంగతే.

చౌడమ్మను వెనక గోడకు చేర్చేరోజు కంబగిరి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"సామీ, నాకు ఈ భయం ఎప్పుడు పోతాది?"

"పోయిన రోజు నాకు చెప్పు," అన్నాడు మౌనాచారి. అంతే. తిట్టలేదు, ఓదార్చలేదు.

ఈ ఏడాది అదే ఊరికోసం మళ్ళీ చౌడమ్మకు రాయి ఎత్తారు. ముఖం మళ్ళీ కంబగిరికే ఇచ్చాడు గురువు. ఇది కూడా చెడిందంటే ఇక ఎవరు చెప్పినా తన చేతికి ముఖం రాదని కంబగిరికి తెలుసు. పీఠాల దగ్గరే తెల్లారిపోతుంది బతుకు.

అప్పుడే కంప్రెషర్‌కు మళ్ళీ జబ్బు చేసింది. ట్యాంకు నిండగానే మోటారును దానంతటదే ఆపే స్విచ్ ఒకటుంటుంది. అది అప్పుడప్పుడు పట్టేసేది. మోటారు ఆగేది కాదు, గాలి హద్దు దాటేది, వాల్వు అరిచేది. మౌనాచారి ఏనాడో చెప్పిపెట్టాడు. "అది ఊరికే అరవదు. అరిచిందంటే ఇంకెక్కడో రోగముంది. పని ఆపి నాకు చెప్పండి."

చెబితే పని ఆగుతుంది. బాగుచేసే మనిషి టౌన్ నుంచి రావాలి, వాడు ఇవాళ రేపు అంటూ తిప్పుతాడు, ఈలోగా ప్రతిష్ఠ ముహూర్తం నెత్తిమీదికొస్తుంది. చెప్పకపోతే అరుపు. ఎప్పుడు అరుస్తుందోనన్న ఆలోచనకే కంబగిరి చెయ్యి ముందుగా వణకడం మొదలుపెట్టింది. అమ్మవారి చెంపల దగ్గరికొచ్చి ఉలి ఆగిపోయేది.

ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళారు. కంబగిరి ఒక్కడే మిగిలాడు. మోటారు ఆపి, గాలి వదిలేసి, రాతిపొడిలో జిగురు కలిపాడు. ఆ ముద్దను వాల్వు సందుల్లో కూరాడు. పైన తీగతో బిగించాడు.

రాయికి మెత్తితే తప్పు గానీ ఇత్తడికి మెత్తితే ఏం తప్పు అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. గాలి హద్దు దాటకుండా గేజి మీద ఒక కన్నేసి, మోటారు తనే చేత్తో ఆపుకుంటే సరిపోయె. ముఖం పూర్తయ్యేదాకానే కదా.

అరుపు పోయింది. చెయ్యి నిలిచింది. చెంపలు తేలాయి, కనురెప్పలు తేలాయి. కానీ పాత భయం పోయినచోట ఇంకో భయం వచ్చి కూర్చుంది, అది అరవను కూడా అరవదు. ప్రతి నాలుగు దెబ్బలకూ తలతిప్పి గేజి ముల్లు చూసుకునేవాడు. ఎర్రగీత దగ్గరికి రాగానే పరుగున పోయి స్తంభం మీది బోర్డులో స్విచ్ ఆర్పేవాడు. వాల్వు వైపు మాత్రం చూసేవాడు కాదు. పొద్దున్నే తన వంతుగా ఉంగరం లాగడమూ మానేశాడు, లాగితే ఏముంది గనక.

ఆ పొద్దులు గురువు గదిలో గంట మోగలేదు. సామికి ఒంట్లో బాగున్నట్టు లేదు అనుకున్నాడు కంబగిరి. ఒకరోజు మౌనాచారి పొద్దున్నే బస్సెక్కి టౌన్‌కు వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చాడు. డాక్టరుకు చూపించుకున్నాడేమో అనుకున్నాడు. అడగడానికి ధైర్యం చాలలేదు. ఈమధ్య గురువు ముఖంలోకి చూడటమే మానేశాడు.

మర్నాడు ముక్కు పని. మిగతా శిష్యులు ఇంకా రాలేదు. కంబగిరి వచ్చేసరికి మౌనాచారి చంకలో పీట పెట్టుకుని పని కొట్టం దగ్గర నిలబడి ఉన్నాడు.

"మోటారు వెయ్యి. ఈ రోజు నేనూ కూచుంటా," అన్నాడు.

కంబగిరి స్విచ్ వేశాడు. మౌనాచారి నిదానంగా నడిచి వెళ్ళి, కంప్రెషర్ పక్కనే పీట వేసుకుని, ట్యాంకుకు వీపు ఆనించి కూర్చున్నాడు. స్విచ్ బోర్డున్న స్తంభం సరిగ్గా ఆయన తల వెనక, ఆయన్ను లేపకుండా చెయ్యి అందదు.

కంబగిరి రెండడుగులు ముందుకు వేశాడు.

"సామీ... దాని పక్కన ఎవరూ కూచోగూడదని మీరే గదా అంటారు."

"నడుము పీకుతాంది. దీని అదురుకు హాయిగుందిలే."

"కాదు సామీ, దుమ్ము. ఇట్ల ఈ పక్కకు రండి, నీడుంది."

"దీనికి నోరుంది గదరా కంబగిరీ," అన్నాడు మౌనాచారి కళ్ళు మూసుకుంటూ. "ఏమన్నా అయితే అరుస్తాది గదా. నువ్వు పని చూసుకో."

కంబగిరి ఉలి తీసుకున్నాడు. కళ్ళద్దాలు పెట్టుకుంటే అవి వెంటనే మసకబారాయి. తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. గాలి వదిలాడు. ఉలి టకటకలాడింది.

ఉలి ఆడుతున్నంతసేపూ గాలి ఖర్చవుతుంది, ముల్లు పైకి పోదు. అది తెలిసినవాడు కాబట్టి ఉలి ఆపలేదు. ఆపితే ముల్లు ఎక్కుతుంది. ఆపకుంటే రాయి తరుగుతుంది. అమ్మవారి ముక్కు చుట్టూ తీయాల్సిన రాయి వేలిమందం కూడా లేదు. ఇంకొంచెం తీస్తే మళ్ళీ పోయిన ఏడాది కథే. అటు తల్లి ముక్కు, ఇటు గురువు వీపు.

చప్పున ఉలిని పక్కనున్న పనికిరాని బండ మీదికి మళ్ళించాడు. దాన్నే చెక్కుతూ కూర్చున్నాడు. చెమట కారి కళ్ళల్లోకి దిగుతోంది. తుడుచుకోవాలంటే చెయ్యి ఆగాలి. అందుకని తుడుచుకోలేదు.

"అమ్మవారిని వదిలి ఉలికి ఆ బండనెందుకు తినిపిస్తాండావు?" కళ్ళు తెరవకుండానే అడిగాడు గురువు. చప్పుడు తేడా ఆయనకు తెలీదా.

"ఉలి... ఉలి పదును చూస్తాండా సామీ."

"చూసింది చాల్లే. ఆపు. కాసేపు చెయ్యికి విశ్రాంతి ఇయ్యి."

గురువు ఆపమన్నాక ఆపకుండా ఉండటం ఆ కొట్టంలో ఎవరూ ఎరగరు. కంబగిరి వేలు దానంతటదే సడలింది. ఉలి చప్పుడు ఆగిపోయింది. మోటారు చప్పుడొక్కటే మిగిలింది.

ముల్లు కదిలింది.

ఆగుతుంది, ఈపూట స్విచ్ పట్టెయ్యదు, దానంతటదే ఆగుతుంది అని లోపల వెయ్యి దేవుళ్ళకు మొక్కుకున్నాడు. ముల్లు ఎర్రగీతను చేరింది. మోటారు ఆగలేదు. ముల్లు గీత దాటింది. మౌనాచారి తల ట్యాంకుకు ఆనించి తాపీగా కూర్చుని ఉన్నాడు, తెల్లటి పిలక ఆ అదురుకు కొద్దిగా కదులుతోంది.

చెప్పాలి. చెబితే ఈ కప్పు కింద చోటుండదు. మెత్తినవాణ్ణి ఈ మనిషి క్షమించడు, అక్క కొడుకునే క్షమించలేదు. ఊరికి ఏ ముఖం పెట్టుకుని పోవాలి, ఇంట్లో ఏమని చెప్పాలి అని కంబగిరి మనసు అటూ ఇటూ కొట్టుకుంది. ఆ కొట్టుకునే కాస్తలోనే ముల్లు ఇంకాస్త జరిగింది. తర్వాత ఎప్పుడు గుర్తుకొచ్చినా అతను సిగ్గుతో చచ్చిపోయేది దానికే, ఆ కాస్త ఆలస్యానికే.

ఉలి విసిరికొట్టాడు.

"లేయండి సామీ! అది అరవదు! అరవదు సామీ, నేనే దాని నోరు మూసినా!"

ఒక్క దూకు దూకి, జీవితంలో పాదాలు తప్ప ముట్టుకోని గురువును రెండు రెక్కలూ పట్టి లేపాడు. లేపి, ఆయనకూ ట్యాంకుకూ మధ్య తన వీపు అడ్డం పెట్టి, వెనక్కి ఈడ్చుకుంటూ వచ్చాడు. పేలుతుంది, ఇప్పుడు పేలుతుంది అని ఒళ్ళంతా బిగబట్టుకున్నాడు.

వాల్వు అరిచింది.

చెవులు చిల్లులు పడేలా, ఎప్పటిలాగే అరిచింది. కప్పు మీది దుమ్ము జలజలా రాలింది. ముల్లు మెల్లగా వెనక్కి దిగింది.

కంబగిరికి ముందు ఏమీ అర్థం కాలేదు. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఆ అరుపు వింటూ వింటూ చంటిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. మౌనాచారి వెళ్ళి స్విచ్ ఆర్పాడు. చప్పుడంతా సద్దుమణిగాక వచ్చి ఎదురుగా నిలబడి, రొంటిన దోపుకున్నది తీసి శిష్యుడి అరచేతిలో పెట్టాడు.

పాత వాల్వు. సందుల నిండా గట్టిపడిన రాతిపొడి ముద్ద. పైన కంబగిరి చేత్తో బిగించిన తీగ.

కంబగిరి తలెత్తి కంప్రెషర్ వైపు చూశాడు. ఇన్నాళ్ళూ చూడని చోట, నిన్న టౌన్ నుంచి వచ్చిన కొత్త ఇత్తడి మెరుస్తోంది.

"ఎట్లుందిరా ఈ అరుపు?" అడిగాడు మౌనాచారి.

కంబగిరి ఆ పాత వాల్వును కింద పెట్టాడు. లేచి, తన ఉలులు ఒక్కొక్కటే ఏరుకుని గోనెగుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు. మౌనాచారి చూస్తూ నిలబడ్డాడు.

"యాడికి?"

"మెత్తినోడికి ఇక్కడ చోటు లేదు గదా సామీ."

"మా అక్క కొడుకును మెత్తిన ఆ దేవుడి వేలు చూపించి అడిగినా. పొద్దుగూకేదాకా అడిగినా. వాడు నోరు తెరవలేదు." పెద్దాయన ఒకడుగు దగ్గరికి వచ్చాడు. "నువ్వు అరిచినావు."

గోనెచుట్ట కంబగిరి చేతుల్లోనే ఉండిపోయింది.

"పో," అన్నాడు మౌనాచారి. "ఆ స్విచ్ బాగుచేసే మనిషిని పిల్చుకొని రా. వచ్చేదాకా అమ్మవారు ఎదురు చూస్తాదిలే."

స్విచ్ మారింది. మళ్ళీ పని మొదలైన పొద్దున కంబగిరి అందరికంటే ముందు వచ్చాడు. చక్రాలకు రాళ్ళు పెట్టాడు, నీళ్ళు వదిలాడు, నూనె చూశాడు, పైపు పొడవునా చెయ్యి పెట్టి తడిమాడు. గాలి ఎక్కాక వాల్వు ఉంగరం పట్టుకుని లాగాడు. అది కూసింది. తను లాగితేనే కూసిందని తెలిసి కూడా కంబగిరి ఉలిక్కిపడ్డాడు.

లోపల గంట మోగింది.