ఎదురుగుట్ట నగారా

ఏరు పొంగింది. దిగువ ఊళ్లను గుట్టెక్కించమని ఎదురుగుట్ట మీది ముసలి ఓబయ్యకు నగారా దెబ్బలతో కబురు చెప్పాలి. కోట నగారా కొట్టే గంగులు ఒక్కో దెబ్బా ఆగి ఆగి వేస్తుంటే, దళవాయి కాలు నిలవక తిరుగుతున్నాడు.

"వరద ముంచుకొస్తుంటే నిద్రపోతున్నావట్రా? దంచు!"

గంగులు దంచాడు. "అర్థం కాలేదు, మళ్లీ కొట్టు" అని అవతలి నగారా మోగింది. మూడుసార్లు దంచినా అదే జవాబు.

అరిచి అరిచి గొంతెండిన దళవాయి నీళ్లకు దోసిలి పట్టాడు. గంగులు కడవెడు నీళ్లూ ఒక్కసారే గుమ్మరించాడు. మీసాలు తడిశాయి గానీ గొంతులోకి చుక్క దిగలేదు.

"నన్ను తాగనిస్తావా, లేదా?"

"ఓబయ్య అడిగేదీ అదే దొరా!"

దళవాయి మొహం తుడుచుకున్నాడు. "సరే, వాడు తాగగలిగినంతే పోయ్!"

ఆగి ఆగి కొట్టిన నాలుగోసారికి దిగువ ఊళ్లు గుట్టెక్కాయి.