నీలాలరేవు తాళంచెవి

వకుళాదేవి గారిని ఎవరేం అడిగినా, చేతిలో పని అయ్యేదాకా బదులు చెప్పరు. తీరరేవుల మత్స్యకార సమాఖ్యలో ఆవిడ పని కొంచెం వింతది. ప్రతి రేవుకీ ఇంటర్నెట్‌లో ఒక పేరుంది. ఆ పేరు నిజంగా ఆ రేవుదేనని సమాఖ్య తరఫున ఆవిడ సంతకం చేస్తారు. కాగితం మీద కాదు, నల్లటి తెర మీద ఒక్క వరుస ఆదేశం కొట్టి. ప్రతి రేవు దగ్గరా రెండు తాళంచెవులుంటాయి. రెండూ పొడవాటి అంకెలే, ఒకటి రహస్యమైనది, ఒకటి బయటిది. రహస్యమైనది చేతిలో ఉన్నవాళ్ళే ఆ రేవు పేరుతో పేజీ పెట్టగలరు కాబట్టి అది రేవు దాటి రాకూడదు. బయటిది సమాఖ్యకు వస్తుంది. సంతకం చేసేది దానికే.

ఆ పని నేర్చుకుంటున్న ఇందుమతి ఒక మధ్యాహ్నం అడిగింది. "మేడమ్, మా అమ్మాయి చందన ఈమెయిల్ పాస్‌వర్డ్ నా దగ్గరుంది. జంషెడ్‌పూర్ హాస్టల్లో ఒక్కతే ఉంటుంది కదా, పొద్దున్నే ఒకసారి తెరిచి చూసుకుంటే గాని నాకు టీ దిగదు. ఇప్పుడు అది మార్చుకుంటానంటోంది. ఏం చెప్పమంటారు?"

"నీలాలరేవు ఫైలు వచ్చిందా?" అన్నారు వకుళాదేవి గారు.

వచ్చింది. ఆ రేవుకు చేసిన పాత సంతకం గడువు సాయంత్రం నాలుగింటితో సరి. అది దాటితే ఆ రేవు పేరుతో ఉన్న అలల హెచ్చరిక పేజీ చాలా ఫోన్లలో తెరుచుకోదు. ఐదింటికి పడవలు సముద్రంలోకి వెళ్తాయి. ఇందుమతి ఫైలు విప్పి ఆగిపోయింది. రేవు మనిషి పోలారావు బయటి తాళంచెవితో పాటు రహస్యమైనది కూడా పంపేశాడు. వెంటనే ఫోన్ చేసింది.

"పొరపాటేటమ్మా, కావాలనే పంపినాను," అన్నాడతను. "మా కంప్యూటరుకి ఉప్పుగాలి కొడతాది. రేపది పోతే? మీ కాడ ఒకటుంటే నాకు బెంగుండదు."

ఇందుమతికి ఆ మాట ఎంతో సబబుగా తోచింది. "భద్రంగా దాచి ఉంచుదాం మేడమ్. మనమేమైనా వాడతామా? టైము రెండు దాటింది, సంతకం చేసేయనా?"

వకుళాదేవి గారు ఫోన్ అందుకున్నారు. "పోలారావూ, రెండూ పారేసి కొత్తవి చేసుకో. నకలు కావాలంటే పెన్‌డ్రైవ్‌లో వేసి మీ ఇంట్లో బియ్యం డబ్బాలో పెట్టుకో. ఇటు మాత్రం పంపకు."

"నామీద నమ్మకం లేదేటమ్మా?"

"నమ్మే కదయ్యా సంతకం చేస్తున్నది! ఆ చెవి నా దగ్గర కూడా ఉంటే, రేపు మీ పేజీలో తప్పుడు హెచ్చరిక కనిపించిందనుకో, పెట్టింది నువ్వో నేనో పడవలో ఉన్నవాళ్ళకెలా తెలుస్తుంది?"

"సరేనమ్మా," అన్నాడు పోలారావు.

మూడయింది. ఇందుమతి రెండుసార్లు ఫోన్ మీద చెయ్యి వేసి తీసేసింది. "అతనికి చేతకాదేమో మేడమ్. ఇక్కడి నుంచి మనమే చేసి పంపితే?"

"కూర్చో," అన్నారావిడ, ఫ్లాస్కు మూత తిప్పుతూ.

మూడుంపావుకు కొత్త ఫైలు వచ్చింది. ఈసారి అందులో ఒక్కటే ఉంది. కానీ ఫైలు వచ్చినంత మాత్రాన అక్కడ సంతకం జరగదు. పంపినవాడు ఫోన్లో తన గొంతుతో అంకెలు చదవాలి, ఇక్కడున్నవాళ్ళు సరిచూసుకోవాలి. పోలారావు ఒక్కొక్కటే చదువుతూ సగంలో తడబడ్డాడు. తర్వాతి అంకె ఇందుమతి నోటిదాకా వచ్చింది. వకుళాదేవి గారు వేలెత్తి వద్దన్నారు. అవతల అతను దగ్గి, మొదటి నుంచి మళ్ళీ చదివాడు. అన్నీ కలిశాయి.

ఇందుమతి ఆదేశం కొట్టింది. గడువు ఎంత పెట్టాలో దగ్గర ఆగి ఆవిడ వైపు చూస్తే, "నెల," అన్నారు వకుళాదేవి గారు. నాలుగుకి పది నిమిషాలుండగా పోలారావు, "పేజీ తెరుచుకున్నాదమ్మా! ఇయ్యాళ అలలు చిన్నవేనట," అని నవ్వాడు.

ఇందుమతి ఊపిరి పీల్చుకుని, ఫోన్లో చందన నంబరు వెతుకుతూ అంది. "రెండేళ్ళకు పెట్టి ఉంటే అతనికీ మనకీ ఇంత శ్రమ ఉండేది కాదు కదా మేడమ్?"

"నెలకోసారైనా ఆ గొంతు వినొద్దూ?" అన్నారు వకుళాదేవి గారు.