ఒక్కసారికి అనుమతి

హంగరీ ఏలుబడిలో ఉన్న ఓ రొమేనియన్ పల్లెలో ఇలారియె బడిపంతులు. ఒకనాడు తనిఖీ అధికారి వచ్చి, తల్లిదండ్రులందరినీ బడికి పిలిపించి, హంగేరియన్‌లో తాఖీదు చదివాడు. వాళ్లకు ఒక్క ముక్కా అర్థం కాలేదు.

"వీళ్ల భాషలో చెప్పు పంతులూ!" అన్నాడు విసుగ్గా.

"ఈ బడిలో రొమేనియన్ మాట్లాడకూడదనే కదండీ తమరు చదివింది? నేనెలా చెప్పను?"

"ఈ ఒక్కసారికి అనుమతి ఇస్తున్నాను. లేకపోతే వీళ్లకెలా అర్థమవుతుంది?"

"పిల్లలకు లెక్కలు చెప్పేటప్పుడు నేనూ అదే అనుకున్నానండీ," అన్నాడు ఇలారియె.

అధికారి మొహం మాడిపోయింది. అక్కడికక్కడే అతన్ని కొలువులోంచి తీసేశాడు.

కొత్త పంతులు వచ్చాడు. ఏడాది తిరిగేసరికి పిల్లలు హంగేరియన్ పాఠాలు తప్పులేకుండా వల్లించసాగారు. వాటికి అర్థమేమిటని తల్లులు అడిగితే మాత్రం బిక్కమొహాలు వేసేవారు.