కేదారయ్య రాని సభ

ఎవరి మాటనైనా ఖండించబోయే ముందు ఆ మాటను తానే చెప్పి, ఎదుటివాడు "అవును, నేననేది ఇదే" అని తలూపాక గాని నృసింహ సోమయాజిగారు తన పక్షం ఎత్తుకునేవారు కారు. ఆ మాటకొస్తే సభామర్యాద అందరికీ అంతే. కాకపోతే తక్కిన పండితులు ఆ పని మొక్కుబడిగా కానిచ్చేవారు. ఈయన చెబుతుంటే మాత్రం, తన వాదన ఇంత బాగుంటుందా అని ఎదుటివాడే ముచ్చటపడేవాడు.

శిష్యుడు యజ్ఞన్నకు ఇది కంటగింపుగా ఉండేది. "గురువుగారూ, దేవుడే లేడనే కేదారయ్యగారికి అంత మర్యాద ఎందుకండీ?" అని ఒకనాడు అడగనే అడిగాడు.

"రేపు సభకు నువ్వూ రా" అన్నారు సోమయాజిగారు.

అది మామూలు సభ కాదు. సోమయాజిగారు, కేదారయ్యగారు తలపడే సభ. గెలిచినవారికి కొత్త పాఠశాల కట్టిస్తానని జమీందారుగారు మాటిచ్చారు. సోమయాజిగారి పాక చినుకు పడితే కారుతుంది. తాటాకు గ్రంథాలు ఒళ్ళో దాచుకుని శిష్యులు తడిసేవారు. యజ్ఞన్న ప్రాణాలన్నీ ఆ పాఠశాల మీదే ఉన్నాయి. తీరా వెళ్ళేసరికి కేదారయ్యగారు జ్వరంతో మంచం పట్టారని కబురొచ్చింది. తన పక్షం కూడా సోమయాజిగారి నోటనే వినమని చెప్పి పంపారట. యజ్ఞన్నకు లోలోపల పండగే. తలూపవలసిన మనిషే లేడు, ఇంకేం కావాలి!

సోమయాజిగారు లేచారు. కుండకు కుమ్మరి ఉన్నట్టే లోకానికీ ఒక కర్త ఉండి తీరాలన్నది ఆయన పక్షం. కేదారయ్యగారి తరఫున నిలబడి దాన్ని తానే తుత్తునియలు చేశారు. పోనీ, అక్కడితో ఆగారా? కేదారయ్యగారు ఏనాడూ వెయ్యని ప్రశ్న ఒకటి తానే వేశారు.

"ఆవంలో కాలుతూ కుండ పగిలితే కుమ్మరిని అంటాం. పొత్తిళ్ళలో పోయిన బిడ్డకు ఎవరిని అనాలి?"

తరువాత ఆయన తన పక్షానికి వచ్చి ఒక్కొక్క ఆక్షేపణకూ జవాబు చెప్పుకొచ్చారు. ఎంత అందంగా చెప్పారని! వినడానికి రెండు చెవులు చాలలేదు. ఆ చివరి ప్రశ్న దగ్గర మాత్రం ఆగిపోయారు. "శాస్త్రంలో దీనికి సమాధానం ఉంది. ఆ తల్లి ముఖం చూసి చెప్పగలిగే సమాధానం నా దగ్గర ఇంకా లేదు" అని సభకు చేతులు జోడించి కూర్చున్నారు.

పాఠశాల కేదారయ్యగారిదైపోయింది.

తిరిగివస్తూ యజ్ఞన్న ఊరి పొలిమేర దాకా ఓర్చుకున్నాడు. ఆపైన దుఃఖం ఆగలేదు. "ఆ ఒక్క ప్రశ్నా మింగేస్తే ఏం పోయేదండీ? అది కేదారయ్యగారికే తట్టలేదు. మీ మనసులో ఏముందో మీకు తప్ప ఇంకెవరికి తెలుసు?" అని బావురుమన్నాడు.

సోమయాజిగారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

"ఇంకెవరూ లేరనేగా నాయనా, కేదారయ్య అనేదీ!"