పోస్టరు పక్కన నిలబడినవాడు

"అన్యాయం తెలిశాక ఒక్క క్షణం ఆగినా ద్రోహమే కదా సార్?" అని మా హాస్టలు తిరుపాల్ అడిగాడు.

ఓబులేశు గారు మా విశ్వవిద్యాలయంలో చరిత్ర చెబుతారు. ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు.

ఆ ఉదయం తిరుపాల్ ఫోనుకి ఒక సందేశం వచ్చింది. మెస్సు సమ్మెలో ఉన్నవాళ్ళ పేర్లు వార్డెనుకి అందించింది నీలావతి అని. రాసినవాళ్ళ పేరు లేదు. తిరుపాల్ దాన్ని తనకున్న గ్రూపులన్నిటికీ పంపాడు. ప్రశ్నించడమే బతకడం అని గది గోడల మీద రాసుకున్న తరం మాది. ఆ సందేశాన్ని మాత్రం ఎవరమూ ప్రశ్నించలేదు. మధ్యాహ్నానికి నీలావతి గదిలోవాళ్ళు ఆమె పెట్టె తెచ్చి వరండాలో పడేశారు. చదువు చాలించి సాయంత్రం బస్సుకి ఊరెళ్ళిపోతానంది ఆమె.

సార్ ఒక చార్టు, స్కెచ్ పెన్ను తిరుపాల్ చేతిలో పెట్టారు. "నువ్వు పంపిన ఆ మాటే రాయి. కింద నీ పేరు పెట్టు. మెస్సు గోడకి అంటించి పక్కన నిలబడు. మా రోజుల్లో అంటించినవాడే జవాబు చెప్పేవాడు."

తిరుపాల్ నిలబడ్డాడు. ఫోనులో బొటనవేలు ఎత్తి ఊరుకున్నవాళ్ళకి ఇక్కడ నోళ్ళు వచ్చాయి.

"ఎవురు చూసినార్రా?"

"తెలీదు."

"మరి నీకెట్ల తెలుసు?"

"మెసేజ్ వచ్చింది."

"యాడ్నుంచి? వాన మాదిరి పైనుంచా?"

అందరూ నవ్వారు. అప్పుడే నీలావతి పెట్టె పట్టుకుని అటు వచ్చింది. పోస్టరు చివరిదాకా చదివింది.

"నీకు చెప్పినోళ్ళ పేరు ఒక్కటి చెప్పు తిరుపాల్. నేను నోరెత్తకుండా పోతా."

వాడు స్కెచ్ పెన్ను మూత తీశాడు. పోస్టరు మీద రాసిందంతా కొట్టేసి, కింద రాశాడు: 'నేను చూడలేదు. ఎవరినీ అడగలేదు. అయినా పంపాను.' తన పేరు మాత్రం కొట్టేయలేదు. దాన్ని ఫోటో తీసి అవే గ్రూపులకు పంపాడు. అరచేతిలోని ఫోనుకి మమ్మల్ని కట్టేసి లాభాలు పండించుకునే కంపెనీల మీద నా కోపం చల్లారేది కాదు. కానీ అంతమంది ఎదుట వాడు ఆ మాట రాస్తుంటే చూసి, మా నినాదాలన్నిటి కంటే అదే పెద్దదనిపించింది.

నీలావతి గదిలో ఉండే పద్మజ వచ్చి పెట్టె అందుకుని, హాస్టలు వైపు నడిచింది. నీలావతి వెనకాలే వెళ్ళింది.

మెస్సు మూసేవేళ సార్ వచ్చారు.

"ఇంక తీసేయనా సార్?" అన్నాడు తిరుపాల్.

ఆయన పోస్టరు చదివారు. ఊడుతున్న ఒక మూలని వేలితో అదిమారు.

"పొద్దున నువ్వు పంపింది చదివినవాళ్ళందరూ వచ్చి ఇది చదివారా?"