చింతగింజంత సందు

"ముప్ఫై వానాకాలాలు వచ్చినా ఈ అరుగులు కదలవు. కదిలితే నేనే వచ్చి, వీటి మీద నిలబడి జవాబు చెబుతాను."

ఇలా అన్నాడు బుజ్జమ్మా, ఒక పెద్దాయన. ఎక్కడన్నాడో, ఎందుకన్నాడో చెబుతాను. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. మధ్యమధ్యలో ఊ కొట్టాలి మరి.

అనగనగా, గోదారి వెళ్ళి సముద్రంలో కలిసే చోట మొగలిలంక అని ఒక ఊరు. ఆ ఊళ్ళో నలభై ఇళ్ళు. ఎండాకాలం ఎండకి చెక్కలు పగిలిపోయేవి. గాలినిండా ఉప్పే. వానాకాలం వరద. అందుకని ఇళ్ళన్నీ తాటిదుంగల మీద ఎత్తుగా నిలబడి ఉండేవి. ప్రతి ఇంటి ముందూ ఒక చెక్క అరుగు. వరదొస్తే ఆ అరుగే వీధి, ఆ అరుగే వంటిల్లు, ఆ అరుగే రేవు. పడవ అక్కడికే వచ్చి ఆగేది.

ఆ ఊళ్ళో ముత్యం అని ఒక పిల్ల ఉండేది. చిన్నప్పుడే జ్వరమొచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడిపోయాయి. చేతులు మాత్రం భలే చేతులు. అరుగు మీద కూర్చుని వలలు అల్లేది. పడవ రాగానే చేతుల మీద జరుక్కుంటూ వెళ్ళి తనే ఎక్కేది. అవతలి ఒడ్డున లైబ్రరీకి వెళ్ళి పుస్తకాలు తెచ్చుకునేది. ఎవరి వీపూ ఎక్కేది కాదు. ఆ అరుగే ముత్యానికి కాళ్ళు.

ఆ అరుగులన్నీ భద్రాచారి అనే ముసలి వడ్రంగి కట్టినవి. ఆయన ఒక చెక్క పక్కన ఇంకో చెక్క పెట్టేటప్పుడు మధ్యలో ఒక చింతగింజ నిలబెట్టేవాడు. మేకు కొట్టాక గింజ తీసేసేవాడు. గింజంత సందు మిగిలేది.

అప్పుడు ఒక ఏడాది పెద్ద గాలివాన వచ్చింది. పాత అరుగులన్నీ దెబ్బతిన్నాయి. ఆ తర్వాత పట్నం నుంచి పెద్ద అధికారి పడవలో వచ్చాడు. అందరికీ కొత్త అరుగులు వేయిస్తానన్నాడు.

"పాతవాటితో మీకున్న ఇబ్బందేమిటి?" అని అడిగాడు.

అప్పుడు ముత్యమే ముందు నోరు తెరిచింది. "సందులండి. వల అల్లే సూది రోజుకి మూడుసార్లు గోదాట్లో పడిపోతోంది. సందుల్లేకుండా వేయించండి."

"నా మెట్టె కూడా అందులోంచే పోయిందండి," అంది పక్కింటి నూకాలు. నూకాలు ముత్యానికి పిన్ని వరస. మిగతా ఆడవాళ్ళూ అవునన్నారు. ఒకామెకి చిక్కుడు గింజలు జారిపోయాయట, ఒకామెకి కోడిపిల్ల కాలు ఇరుక్కుందట.

భద్రాచారి మాత్రం ఒప్పుకోలేదు. "తడిస్తే చెక్క లావెక్కుతుంది బాబూ. దానికి చింతగింజంత చోటు వదలాలండి."

అధికారి నవ్వాడు. "తాతగారూ, ఇవి మిషను మీద కోసిన చెక్కలు. మీ చింతగింజలు పులుసులో వేసుకోండి."

అందరూ నవ్వారు. ముత్యం కూడా నవ్వింది. అప్పుడే ఆ అధికారి ఆ మాట అన్నాడు. ముప్ఫై వానాకాలాలు అని. నేనే వచ్చి నిలబడతానని. అందరూ చప్పట్లు కొట్టారు.

ఊ కొట్టవేం? వింటున్నావా? సరే.

కొత్త అరుగులు అద్దాల్లా ఉన్నాయి. సూది పడితే పడ్డచోటే ఉండేది. ముత్యం మురిసిపోయింది.

ఆ తర్వాత మొదటి వాన పడింది. చెక్కలు నీళ్ళు తాగి ఉబ్బాయి. పక్కకి జరగడానికి చోటు లేదు కదా, అందుకని వేయించిన అప్పడాల్లా పైకి లేచాయి.

ఆ తర్వాత రెండో వాన పడింది. ఉప్పుగాలికి అప్పటికే తుప్పు పట్టిన ఇనప మేకులు, లేస్తున్న చెక్కల్ని పట్టుకోలేక విరిగిపోయాయి.

ఆ తర్వాత వరద వచ్చింది. పాత అరుగైతే నీళ్ళు సందుల్లోంచి పైకొచ్చి, మళ్ళీ సందుల్లోంచే దిగిపోయేవి. ఈ అరుక్కి సందే లేదాయె. వరద కింద నుంచి దాన్ని తెప్పలా ఎత్తేసింది. దాని మీద ముత్యం కూర్చుని ఉంది. నూకాలు చూసి, పరుగెత్తుకొచ్చి, జడ పట్టుకుని లోపలికి లాగేసింది. అరుగు సగం గోదాట్లో కొట్టుకుపోయింది. ఊళ్ళో మిగతా అరుగుల గతీ అంతే.

వరద తీసింది. పిల్ల బతికింది. కానీ ఇంట్లోంచి బయటికి రావడానికి దారి లేదు. పడవెక్కాలంటే నూకాలు వీపే గతి.

"పుస్తకాలు చదవడం తగ్గించవే, బరువెక్కుతున్నావు," అనేది నూకాలు, నవ్వించాలని.

ముత్యం నవ్వేది కాదు. "మనకి కావాల్సింది దయ కాదు పిన్నీ, హక్కు," అని పుస్తకంలో మాట అప్పజెప్పేది.

"అలాగేలే. హక్కొచ్చేదాకా మెడ గట్టిగా పట్టుకో."

అప్పుడు ముత్యం అధికారికి ఉత్తరం రాసింది. జవాబు లేదు. రెండోది రాసింది. జవాబు లేదు. మూడోది రాసింది. అప్పుడు ఒక బంట్రోతు పడవలో కాగితం తెచ్చాడు. అందులో ఒక్కటే వాక్యం. "సందులు వద్దన్నది మీరే."

ఆ కాగితం చూసి ముత్యం ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు భద్రాచారిని పిలిపించింది.

"తాతా, నిజమే. అడిగింది నేనే. నీ మాటకి నవ్వాను కూడా. ఊరి అరుగులన్నీ నా మూలాన పోయాయి."

భద్రాచారి మిగిలిన అరుగు మొదలు మీద చతికిలబడ్డాడు. "చూడమ్మడూ. జ్వరంతో ఉన్న పిల్ల ఐసు అడుగుతుంది. అడగడం పిల్ల తప్పా? డాక్టరు ఇచ్చేస్తే? ఇచ్చి, ఏమీ కాదని మాట కూడా ఇస్తే?"

ముత్యం ఆ కాగితం మడిచి పక్కన పెట్టింది.

"ఇంతకీ ఆ సూదికి ఒక దారం కట్టి, దారం రెండో కొస నీ చేతికి కట్టుకోలేకపోయావా?" అన్నాడాయన.

"తోచలేదు తాతా."

"నాకూ తోచలేదులే. నాకు తోచుంటే ఆ రోజే చెప్పేవాణ్ణి కదా."

అప్పుడు ముత్యం నవ్వింది. వరద తర్వాత అదే మొదటి నవ్వు.

ఆ తర్వాత ముత్యం ఇంటి ముందు మూడు రోజులు పని జరిగింది. మొదటి రోజు, రేవులో పడి ఉన్న పాత నావని విప్పి చెక్కలు తీశారు. ఇరవై ఏళ్ళు ఉప్పునీళ్ళలో తిరిగిన చెక్కలవి, వాటికి వానొక లెక్కా. రెండో రోజు, ఇనుము వద్దని తుమ్మకర్రతో మేకులు చెక్కారు. చెక్కల కోసిన అంచులకి, పడవలకి పూసే జీడినూనె పట్టించారు. నీళ్ళు తాగేది ముందు అంచులే కదా. మూడో రోజు చెక్కలు పరిచారు. ప్రతి రెండు చెక్కల మధ్యా చింతగింజ నిలబెట్టింది ముత్యమే.

చివరి వరస దగ్గరికి వచ్చారు. ఇంకొక్క చెక్క వేస్తే అయిపోతుంది.

"ఆగు తాతా. ఇక్కడ నావ చెక్క వద్దు. ఆ అధికారి వేయించిన చెక్క ఒకటి వెయ్యి."

"వంకరపోయింది కదే."

"అదే కావాలి. ఆయన వచ్చి నిలబడతానన్నాడుగా. దాని మీదే నిలబడాలి."

నూకాలు అంది, "ఇది ఏ పుస్తకంలోదే?"

"ఇది నాదే పిన్నీ."

ఆ తర్వాత ముత్యం చేతుల మీద జరుక్కుంటూ వెళ్ళి, తనే పడవెక్కింది. అవతలి ఒడ్డున తపాలా డబ్బా ఉంది. తన చేత్తోనే అందులో నాలుగో ఉత్తరం వేసింది. అందులో ఇలా రాసింది.

"అయ్యా, సందులు వద్దన్నది నేనే. నాకు తెలియదు. తెలిసిన ముసలాయన మీ ఎదుటే చెప్పాడు, మీరు నవ్వారు. మాట ఇచ్చింది మీరు. మా ఊళ్ళో పాత నావ ఒక్కటే ఉంది, అది ఒక్క అరుక్కే సరిపోయింది. ఇంకా ముప్ఫైతొమ్మిది ఇళ్ళున్నాయి. వాటిలో పిల్లలున్నారు, ముసలివాళ్ళున్నారు. మీరు నిలబడే చెక్క సిద్ధంగా ఉంది. జూన్ ఏడో తారీఖున మృగశిర కార్తె, దాంతో వానలు మొదలవుతాయి. ఈలోపే రండి."

వచ్చాడా అంటావా? ఇంకా రాలేదు బుజ్జమ్మా. ముత్యం రోజూ ఆ చెక్క తుడిచి, పక్కనే కూర్చుని వల అల్లుతోంది. సూదికి దారం కట్టుకుంది. ఇంక కళ్ళు మూసుకో.

కథేమో కంచికి,
పాపేమో నిద్రకి,
పడవేమో రేవుకి,
జవాబు మొగలిలంకకి,
జూన్ ఏడో తారీఖుకి.